లాకుల పిల్లాడు, డాన్యూబ్ ఏరు

(రాజమహేంద్రవరంలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ కలయికలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

నమస్కారం అండీ. వెనక ఫ్యాను కింద కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. అదిగో, ఇద్దరు ఎత్తారు. నేనన్నది వినపడే ఎత్తారు కాబట్టి ఇబ్బంది లేదు. మొదలుపెడతాను.

ముందే ఒక మాట. యూరప్ వెళ్లొచ్చాడు కదా, రాజభవనాలూ చర్చిలూ వర్ణిస్తాడని వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, మీకు కాస్త నిరాశ తప్పదు. లేచి వెళ్లిపోదామంటే టిఫిన్ చివర్లో పెట్టారు. కాబట్టి వినక తప్పదు.

నేను ముప్పై నాలుగేళ్లు ఇరిగేషన్‌లో పనిచేశాను. ఇక్కడున్న సగం మందికి తెలుసు. అంతకన్నా ముందు సంగతి కొందరికే తెలుసు. మా నాన్న లాకుల దగ్గర, అదే కాలువలో పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల గదుల దగ్గర, లస్కరు. మేం పుట్టింది, పెరిగింది, ఈత నేర్చుకుంది, తన్నులు తిన్నది, అన్నీ లాకుల పక్కనే. మా ఇంటికి ఉత్తరం రాయాలంటే ఇంటి నంబరు అక్కర్లేదు. ‘లాకుల దగ్గర’ అంటే వచ్చేసేది. అలాంటివాణ్ని తీసుకెళ్లి యూరప్‌లో ఒక నది మీద ఎనిమిది రోజులు తిప్పితే ఏం చూస్తాడు చెప్పండి? లాకులే చూస్తాడు. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, ‘లక్షలు పోసి తీసుకెళ్తే మీరు చూసొచ్చింది తలుపులూ గోడలే కదా’ అని. నిజమే. ఈ రోజు చెప్పబోయేది కూడా ఎక్కువగా ఆ తలుపుల గురించీ గోడల గురించే.

సంగతేంటంటే, మా అబ్బాయి జర్మనీలో నూరెంబర్గ్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. మా నలభయ్యో పెళ్లిరోజుకని వాడూ కోడలూ కలిసి టికెట్లు కొన్నారు. నూరెంబర్గ్‌లో ఎక్కి, కాలువ మీదుగా డాన్యూబ్‌లో దిగి, రేగెన్స్‌బర్గ్, పాసవ్, వియన్నా, బ్రాటిస్లావా దాటి బుడాపెస్ట్‌లో దిగడం. పోయిన సెప్టెంబరులో. ఖర్చెంతయిందని ముందు వరసలో మాస్టారు సైగ చేస్తున్నారు. మాస్టారూ, ఆ లెక్క మా అబ్బాయి నాకూ చెప్పలేదు. చెబితే ఎక్కనని తెలుసు వాడికి.

షిప్పు అంటే మీ కళ్ల ముందు సముద్రం మీద తేలే పెద్ద భవనం కనిపిస్తుందేమో. అది కాదు. ఇది సన్నగా, పొడుగ్గా, ఎత్తు తక్కువగా ఉంటుంది. పొడవు 135 మీటర్లు, వెడల్పు పదకొండున్నర మీటర్ల లోపు. పొన్నకాయ కాదండీ, పొట్లకాయ. ఎందుకలా? అక్కడి లాకులకి సరిపడా కట్టుకున్నారు. ఆ దారిలో లాకు వెడల్పు 12 మీటర్లు. అంటే షిప్పు లోపలికి వెళ్లాక అటొక అడుగు, ఇటొక అడుగు ఖాళీ. అంతే. 135 మీటర్ల పొడుగున్న దాన్ని, నూట ఎనభై మంది లోపల కాఫీలు తాగుతుండగా, ఒక్క గీత పడకుండా సరంగు ఆ సందులోకి జారవిడవాలి. ఇక్కడ చాలామందికి మారుతీ కారు సొంత ఇంటి గేటులోంచి లోపలికి పెట్టడమే కష్టం. పేర్లు చెప్పను.

మొదటి రాత్రి పదిన్నరకి మా గదిలో వెలుతురు ఒక్కసారిగా పోయింది. లైటు పోలేదు, బయట ఆకాశం పోయింది. కిటికీ తలుపు తీశాను. ఎదురుగా గోడ. తడి గోడ. నాచు పట్టిన కాంక్రీటు, దాని మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. చెయ్యి చాపితే అందుతుంది. పెట్టకూడదు, చాలా ప్రమాదం, రూల్సు కాగితంలో రాశారు కూడా. నేను ఒక్క వేలు పెట్టాను. అండీ, ఆ వాసన! చల్లటి నాచు, గ్రీజు, పాత నీళ్లు కలిసిన వాసన. నా చిన్నతనం వాసన. ఏడువేల కిలోమీటర్ల అవతల మా నాన్న డ్యూటీ చొక్కా వాసన వచ్చింది నాకు. మా ఆవిడని లేపాను. ‘గోడ చూపించడానికి లేపారా’ అని అటు తిరిగి పడుకుంది.

ఆ కాలువ సంగతి కొంచెం చెప్పాలి. రైన్ నదికి ఉపనది మెయిన్. దానికీ డాన్యూబ్‌కీ మధ్య 171 కిలోమీటర్ల కాలువ. 1992 సెప్టెంబరులో తెరిచారు. మొత్తం 16 లాకులు. నూరెంబర్గ్ నుంచి బయల్దేరాక ఒక్కో లాకూ మనల్ని పైకెత్తుతూ పోతుంది. వాటిలో మూడు వరసగా వస్తాయి, ఒక్కొక్కటి 24.67 మీటర్లు. అడుగుల్లో చెబితే దాదాపు 81. మన డెల్టా లాకుల్లో తేడా కొన్ని అడుగులు ఉంటుంది, దానికే చిన్నప్పుడు మేం నోరెళ్లబెట్టి చూసేవాళ్లం. ఇక్కడ షిప్పు, అందులో జనం, వంటిల్లు, పియానో, అన్నీ కలిపి ఎనిమిదంతస్తులు పైకి లేస్తుంది. చప్పుడు లేదు. గ్లాసులో నీళ్లు కదలవు. గోడలో ఇనప గుంజలు తేలుతూ ఉంటాయి, మోకు వాటికి తగిలిస్తే నీటితో పాటు అవీ పైకొస్తాయి. మన దగ్గర నావ మీద ఒకడు తాడు వదులుతూ, బిగిస్తూ, అరుస్తూ ఉండేవాడు, గుర్తుందా? అక్కడ అరిచేవాడు లేడు. అసలు గట్టు మీద మనిషే కనపడలేదు నాకు.

ఇంకో తమాషా. ఒక లాకు నింపడానికి అన్ని నీళ్లు ఎక్కణ్నించి తెస్తారు? అది కొండ మీద కాలువ, పైన పెద్ద నది లేదు. నేను పొద్దున్నే గట్టు వైపు చూస్తే లాకు పక్కన మెట్లు మెట్లుగా మూడు చెరువులు కనిపించాయి. అప్పుడు అర్థమైంది. లాకు ఖాళీ చేసేటప్పుడు నీళ్లన్నీ కిందికి వదిలెయ్యరు. ఆ తొట్లలోకి పట్టి, మళ్లీ నింపేటప్పుడు అవే వాడతారు. అలా నూటికి అరవై పాళ్లు మిగులుతుంది. మిగతాది డాన్యూబ్ వైపు నుంచి పంపులతో ఎత్తిపోస్తారు. మనకి ఎత్తిపోతల గురించి ఒకరు చెప్పాలా!

ఇలా ఎక్కి ఎక్కి సముద్రమట్టానికి 406 మీటర్ల ఎత్తుకి వెళ్తాం. సముద్రం నుంచి బయల్దేరిన సరుకు పడవ యూరప్‌లో ఇంతకన్నా పైకి వెళ్లలేదు. అక్కడ గట్టు మీద ఒక కాంక్రీటు కట్టడం ఉంటుంది. దానికి ఇటు పడ్డ వాన చినుకు రైన్‌లో కలిసి ఉత్తర సముద్రానికి పోతుంది. అటు పడ్డది డాన్యూబ్‌లో కలిసి నల్ల సముద్రానికి పోతుంది. రెండు చినుకుల మధ్య జానెడు దూరం, చేరే చోట్ల మధ్య ఒక ఖండం. మన గోదావరి కూడా అంతే కదండీ. త్ర్యంబకం నుంచి పడమటి సముద్రం ఎనభై కిలోమీటర్లు. ఆవిడ అటు చూడకుండా ఇటు తిరిగి, దేశమంతా అడ్డంగా నడిచి మన దగ్గరికొచ్చింది.

ఈ రెండు నదుల్నీ కలపాలని మొదట అనుకున్నది ఎవరో తెలుసా? చార్లెమేన్ చక్రవర్తి. ఏడాది 793. ఇప్పటికీ అక్కడ ఆ కందకం ఆనవాలు ఉంది. ఆ కాలపు వార్షిక వృత్తాంతాల్లో రాశారు, వానలు పడి నేల మెత్తబడి పగలు తవ్విన మట్టి రాత్రికి మళ్లీ జారిపోయేదట. ఇది చదివి నేను ఒక్కణ్నే గట్టిగా నవ్వాను. పన్నెండొందల ఏళ్ల కిందటి ఎస్టిమేటు రివిజను! తర్వాత బవేరియా రాజు మొదటి లుడ్విగ్ ఒక కాలువ కట్టించాడు, వంద లాకులతో, 1846లో పూర్తయింది. రైలొచ్చి దాన్ని మింగేసింది. మరుసటేడు 1847లో ఇక్కడ కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలుపెట్టాడు. మన కాలువల మీద పడవల్ని ఏవి మింగాయో మీకు తెలుసు. మీ ముందరే జరిగింది.

ఆ రోజు పగలంతా మేడ మీదికి ఎక్కనివ్వలేదు. వంతెనలు మరీ కిందికి ఉంటాయి. పైన గొడుగులూ కుర్చీలూ పడుకోబెట్టేశారు. సరంగు గది మొత్తం లిఫ్టులాగా కిందికి దిగిపోతుందండి. గది దిగిపోయాక ఆయనకి దారెలా కనపడుతుంది? పైకప్పులో చిన్న తలుపు తీసి, అందులోంచి తల ఒక్కటే బయటపెట్టి నడుపుతాడు. నూటముప్పై అయిదు మీటర్ల షిప్పు, దాని మీద టోపీ పెట్టుకున్న ఒక్క తలకాయ. వంతెన దగ్గరికి రాగానే తలకాయ లోపలికి, దాటగానే బయటికి. తాబేలు! మా ఆవిడ పడీ పడీ నవ్విన మొదటి సందర్భం అదే.

ఇప్పుడు మా ఆవకాయ సంగతి. ఆవిడ ఇక్కడే ఉంది, తప్పు చెబితే దిద్దుతుంది.

రేగెన్స్‌బర్గ్‌లో దిగాం. 1135లో మొదలుపెట్టి పదకొండేళ్లలో కట్టిన రాతి వంతెన ఉంది, దాని మీద ఇప్పటికీ జనం నడుస్తున్నారు. బాగుంది. సాయంత్రం షిప్పుకి తిరిగొచ్చేసరికి ఒక కాగితం చేతిలో పెట్టారు. ముందు నదిలో నీరు తీసేసింది, షిప్పు వెళ్లదు, రేపు పొద్దున సామాను సర్దుకుని బస్సెక్కాలి అని. స్ట్రాబింగ్ నుంచి విల్స్‌హోఫెన్ దాకా దాదాపు 70 కిలోమీటర్లు నదికి అడ్డుకట్ట లేదు. దానికి ఎగువనా దిగువనా బ్యారేజీలు కట్టి లోతు నిలబెట్టారు, అక్కడ మాత్రం కట్టలేదు. కట్టాలా వద్దా అని ఏళ్ల తరబడి కొట్టుకుని, చివరికి 2013లో వద్దని తేల్చుకున్నారు. చేపలకీ పక్షులకీ మంచిదే. ఎండాకాలం వానల్లేకపోతే షిప్పులకే చిక్కు. నా కోపం నది మీద కాదు. అక్కడ నీటి మట్టం రోజూ అందరికీ కనపడేలా పెడతారు. గేజీ మూడు రోజులుగా పడిపోతోందని నేనే ఫోన్లో చూశాను. షిప్పు కంపెనీవాళ్లకి తెలియదా? తెలుసు. ముందే చెబితే డబ్బులు వెనక్కి అడుగుతారని ఆఖరి గంట దాకా నోరు విప్పలేదని నా అనుమానం. ముప్పై నాలుగేళ్లు గేజీలు చూసినవాడిని, నాకా చెప్పేది!

సరే, బస్సులో పాసవ్ వెళ్లాం. అక్కడ అచ్చం అలాంటిదే ఇంకో షిప్పు. అదే గది నంబరు, అవే కర్టెన్లు, మా పెట్టెలు మేం పెట్టుకున్న మూలలోనే. బుడాపెస్ట్ నుంచి పైకొస్తున్నవాళ్లు దాంట్లోంచి దిగి మా షిప్పులోకి వెళ్లారు, మేం వాళ్ల దాంట్లోకి. అన్నీ వచ్చాయి, చిన్న ఫ్రిజ్‌లో పెట్టిన ఆవకాయ సీసా తప్ప. ఇంట్లోంచి పదకొండు గుడ్డలు చుట్టి తెచ్చిన సీసా! పదకొండు కాదా? తొమ్మిదా? సరే, తొమ్మిది. అంటే మా పాత గదిలో దిగిన ఎవరో అమెరికా దంపతులకో, ఆస్ట్రేలియా దంపతులకో ఆ సీసా దొరికి ఉంటుంది. ఏం చేసుంటారో! జామ్ అనుకుని రొట్టె మీద రాసుకుని ఉంటారని మా ఆవిడ భయం. ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తుచేసుకుని వాళ్ల కోసం బాధపడుతుంది.

పాసవ్‌లో మూడు నదులు కలుస్తాయి. డాన్యూబ్, ఇన్, ఇల్జ్. కొండ మీది కోట దగ్గర్నించి చూస్తే మూడు రంగులు విడివిడిగా కనిపిస్తాయి. ఇల్జ్ చిన్నది, బురద నేలల మీదుగా వస్తుంది కాబట్టి నల్లగా, డికాషన్‌లా ఉంటుంది. ఇన్ ఆల్ప్స్ మంచు కరిగి వచ్చే నీరు, సున్నం కలిపినట్టు తెల్లటి ఆకుపచ్చ. సరాసరిన చూస్తే అక్కడ ఇన్ తెచ్చే నీరే డాన్యూబ్ కన్నా ఎక్కువ. అయినా కలిశాక పేరు మాత్రం డాన్యూబ్‌దే. మన కాళేశ్వరంలో ప్రాణహితకి జరిగిన అన్యాయమే ఇన్‌కీ జరిగింది.

ఆ ఊరి టౌన్ హాలు గోడ మీద వరద గీతలు చెక్కారు. అందరూ చర్చిలో ఆర్గన్ వినడానికి వెళ్లారు, దాదాపు పద్దెనిమిది వేల గొట్టాల ఆర్గన్, చాలా పెద్ద పేరున్నది. మా ఆవిడ వెళ్లింది, బాగుందంది. నేను గోడ దగ్గరే నిలబడిపోయాను. 1501 గీత అన్నిటికన్నా పైన. దాని తర్వాతది 2013 జూన్, 12.89 మీటర్లు. నేను నిలబడి చెయ్యి పైకెత్తితే ఆ గీత ఇంకా చాలా పైన ఉంది. గోడ పక్కనే కాఫీ హోటలు, కుర్చీలు వేసి ఉన్నాయి, జనం కేకులు తింటున్నారు, తల మీద అంత నీరు ఒకప్పుడు నిలబడిందని ఎవరికీ పట్టదు. నాకు భద్రాచలం గుర్తొచ్చింది. 43, 48, 53, మూడు ప్రమాద హెచ్చరికలు. 1986 వరదలో 75.6 అడుగులు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు ఈ హాల్లో కనీసం ముగ్గురున్నారు. చెయ్యెత్తక్కర్లేదు, నాకు తెలుసు.

షిప్పులో నాకు ఒక స్నేహితుడు దొరికాడు. మోకులు విసిరే కుర్రాడు. పాతికేళ్లుంటాయి, రుమేనియావాడు. నేను పొద్దున్నే అయిదింటికి లేచి డెక్ మీదికి వెళ్లేవాణ్ని, వాడు అప్పటికే తుడుస్తూ ఉండేవాడు. గట్టు మీద అక్కడక్కడా నల్ల అంకెలతో తెల్ల బోర్డులు ఉంటాయి. నేను చూస్తే మనం కిందికి పోతున్నకొద్దీ అంకె తగ్గుతోంది. 2226, 2225, 2224. ఇదేంటి, తప్పు రాశారా అనుకున్నాను. మనకి కాలువ మీద మైలు రాయి హెడ్ స్లూయిస్ దగ్గర, అంటే కాలువలోకి నీళ్లు వదిలే తూము దగ్గర, సున్నాతో మొదలై కిందికి పోతూ పెరగాలి కదా! వాణ్ని అడిగాను. వాడు నవ్వి, ‘సున్నా మా ఊళ్లో ఉంది’ అన్నాడు.

వాడిది సులీనా. డాన్యూబ్ నల్ల సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు. ఊరికి రోడ్డు లేదు, పడవ మీదే వెళ్లాలి. అక్కడి పాత లైట్‌హౌస్ దగ్గర సున్నా. అక్కణ్నించి పైకి, సముద్రం నుంచి నది ఎదురెక్కుతూ కొలిచారు. ఆలోచిస్తే అదే సబబు. పుట్టిన చోటు దగ్గర సున్నా పెడదామంటే, జర్మనీలో డోనావెషింగెన్, ఫుర్ట్‌వాంగెన్ అని రెండు ఊళ్లు ‘డాన్యూబ్ మా దగ్గర పుట్టింది’ అంటే ‘మా దగ్గర పుట్టింది’ అని పోట్లాడుకుంటున్నాయి. కలిసే చోటుకి తగాదా లేదు. అయితే నది ఒండ్రు తెచ్చి పోస్తూనే ఉంది కదా, లైట్‌హౌస్ కట్టినప్పుడు సముద్రం ఒడ్డున ఉండేదట, ఇప్పుడు సముద్రం దూరం జరిగి లైట్‌హౌస్ ఊళ్లో మిగిలిపోయిందట. ‘సున్నా కూడా నిలకడగా లేదు సార్’ అన్నాడు. కోనసీమ వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

అప్పట్నుంచి రోజూ పొద్దున మా ఇద్దరి పలకరింపు అంకెలే. నేను ‘2036’ అంటాను, వాడు ‘మెల్క్’ అంటాడు. ‘2009’ అంటే ‘డూర్న్‌స్టైన్’.

మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా ఉన్న లోయని వాఖావ్ అంటారు. మొత్తం 36 కిలోమీటర్లు. యునెస్కో జాబితాలో ఉంది. మెల్క్‌లో కొండ మీద పసుపు రంగు మఠం, దానికి ఎక్కాల్సిన మెట్లు, నా మోకాళ్లు. నేను కింద ఉండిపోయాను. డూర్న్‌స్టైన్‌లో కూలిపోయిన కోట, ఇంగ్లండు రాజు రిచర్డుని 1192లో పట్టుకుని అక్కడే బంధించారు. గైడు అరగంట చెప్పాడు, మీకు అర నిమిషం చాలు.

నేను చూసింది వేరే. స్పిట్జ్ అనే ఊరి దగ్గర నదికి అడ్డంగా గాలిలో ఒక ఇనప తాడు. ఆ తాడుకి ఇంకో తాడుతో కట్టిన పంటు. మన రేవుల్లో పంటు లాంటిదే, రెండు కార్లూ నాలుగు సైకిళ్లూ ఎక్కి ఉన్నాయి. అది నది దాటుతోంది. చప్పుడు లేదు. పొగ లేదు. ఇంజనే లేదు! నేను పక్కవాళ్లని అడిగాను, ఎవరికీ పట్టలేదు, వాళ్లు కోట ఫొటోలు తీసుకుంటున్నారు. పంటుని నడిపేవాడు చుక్కాని కొంచెం ఏటవాలుగా తిప్పుతాడు. ప్రవాహం పక్కనుంచి నెడుతుంది. తాడు కిందికి కొట్టుకుపోనివ్వదు. పోతే ఎటు పోవాలి? అడ్డంగా పోవాలి. అంతే. నదిని దాటడానికి నదే కూలి. తిరిగి రావాలంటే చుక్కాని రెండోవైపు తిప్పడమే. మేం దాటిపోయేదాకా మెడ తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాను. ఎనిమిది రోజుల్లో నాకు నిజంగా ఈర్ష్య పుట్టింది ఆ పంటు నడిపేవాడి మీద ఒక్కడి మీదే.

ఆ లోయలో ఆప్రికాట్లు విస్తారం. ఆ రాత్రి భోజనంలో ఒక్కోటి నిమ్మకాయంత కాదు, పెద్ద బత్తాయంత ఉండ పెట్టారు. లోపల పండు, చుట్టూ మెత్తటి పిండి, పైన వెన్నలో వేయించిన రొట్టె పొడి, పంచదార. మా ఆవిడ చెంచాతో కోసి, లోపల చూసి, ‘పూర్ణం బూరె’ అంది. రెండో ముక్క తిన్నాక, ‘కాదు, నూనెలో వెయ్యలేదు, ఉడకబెట్టారు, కుడుము’ అని తీర్పు మార్చింది. మూడోది తెప్పించుకున్నాక మళ్లీ తీర్పు చెప్పలేదు.

దారిలో సరుకు పడవలు ఎదురయ్యేవి. వాటిల్లో కాపురాలుంటాయండి! వెనక భాగంలో ఇల్లు. కిటికీలకి లేసు కర్టెన్లు, పూల కుండీలు, పైన ఒక కారు, దాన్ని గట్టు మీద దించడానికి చిన్న క్రేను. ఒకదాని మీద ఒకావిడ గొట్టంతో మొక్కలకి నీళ్లు పోస్తోంది. నదిలో ఉండి మొక్కలకి నీళ్లు! నేను చెయ్యూపాను. ఆవిడ చెయ్యి ఖాళీ లేదు, గొట్టమే ఊపింది. నీళ్లు ఇంద్రధనస్సులా లేచాయి. అంతే, వెళ్లిపోయారు. ఎందుకు గుర్తుండిపోయిందో చెప్పలేను. చిన్నప్పుడు మన కాలువల్లో ధాన్యం పడవల మీద పొయ్యి వెలిగించుకుని అన్నం వండుకునేవాళ్లు, మేం గట్టు మీద పరిగెడుతూ చెయ్యూపేవాళ్లం. వాళ్లూ గరిటె ఊపేవారు.

ఒక రోజు సరంగు గదిలోకి పదేసి మందిని పిలిచారు. పెద్ద చక్రం ఉంటుందనుకున్నాను, లేదు, చిన్న చిన్న పిడులు. నేనడిగాను, ఎదురెదురు వచ్చినప్పుడు ఎవరు ఎటు తప్పుకుంటారు అని. ఎదురెక్కే పడవది నిర్ణయం అన్నాడు. ఎందుకంటే కిందికి వచ్చేదాన్ని నది తోస్తుంటుంది, అది ఆగలేదు. ఎదురెక్కేవాడు కుడివైపు దాటాలనుకుంటే గది పక్కన నీలం పలక పైకెత్తి, మధ్యలో తెల్ల లైటు మినుకుమనిపిస్తాడు. కిందికొచ్చేవాడు కూడా అలాగే ఎత్తి సరే అంటాడు. ఒక్క మాట ఉండదు, ఒక్క హారను ఉండదు. మన హైవే మీద ఇది పెట్టగలమా? నవ్వకండి, నేను సీరియస్‌గానే అడుగుతున్నాను.

వియన్నాలో పొద్దున్నే లేచి ఎప్పట్లాగే కర్టెన్ లాగాను. అడుగు దూరంలో అద్దం, అద్దం వెనక బనీను వేసుకున్న పెద్దాయన పళ్లు తోముకుంటున్నాడు. ఒకరినొకరు చూసుకున్నాం. రేవులో చోటు చాలక షిప్పులు పక్కపక్కన కట్టేస్తారు. మనం ఒడ్డెక్కాలంటే పక్క షిప్పు హాల్లోంచి నడిచి పోవాలి. ఆయన బ్రష్షు పైకెత్తాడు. నేను నమస్కారం పెట్టాను. ఇద్దరం ఒకేసారి కర్టెన్ వేసుకున్నాం.

వియన్నా ఊరు మీరంతా ఫొటోల్లో చూసే ఉంటారు. నేను చూసింది ఊరు పక్కన ఉన్న ద్వీపం. అది దేవుడు చేసింది కాదు, కార్పొరేషను చేసింది. వరద పోవడానికి 1972 నుంచి 1988 దాకా నదికి సమాంతరంగా 21 కిలోమీటర్లు కొత్త పాయ తవ్వారు. తవ్విన మట్టి మధ్యలో పోస్తే పొడుగాటి లంక అయింది. ఇప్పుడు అక్కడ ఊరంతా సైకిళ్లు తొక్కుతారు, ఈత కొడతారు. ఆ ఏర్పాటు సెకనుకి 14,000 ఘనపు మీటర్ల వరదకి సరిపోతుందట. గైడు చాలా గర్వంగా చెప్పాడు. నేను మనసులో క్యూసెక్కుల్లోకి మార్చాను, అయిదు లక్షలకి ఒక పిసరు తక్కువ. అయిదు లక్షలు! ధవళేశ్వరంలో 86లో 35 లక్షలు వదిలామండీ. చెప్పనా వద్దా అనుకున్నాను. చెప్పాను. ఆయన యూనిట్లు పొరపాటు పడ్డానేమో చూసుకోమన్నాడు.

బ్రాటిస్లావా దాటాక రాత్రి గబ్చికోవో జలవిద్యుత్ ప్రాజెక్టు వస్తుంది. అక్కడ షిప్పు నదిలో వెళ్లదు, పక్కన కట్టిన కాలువలో వెళ్తుంది. కాలువ గట్లు ఎత్తుగా పోసి నీటిని నేల మీదికి లేపారు. నేను డెక్ మీద నిలబడి కిందికి చూస్తే ఊళ్లో లైట్లు మా కన్నా కింద ఉన్నాయి. ఇళ్ల కప్పుల మీదుగా షిప్పు పోతోంది. ఒక ఇంట్లో టీవీ వెలుగు నీలంగా మినుకుమంటోంది. పైన ఇంత పెద్ద షిప్పు పోతోందని వాళ్లకి తెలుసా? అలవాటైపోయి ఉంటుంది. ఈ ప్రాజెక్టుకి హంగరీ, చెకొస్లొవేకియా 1977లో సంతకాలు చేశాయి. తర్వాత హంగరీ మానేసింది, అవతలివాళ్లు 1992లో నీళ్లు తిప్పేసుకున్నారు. హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం 1997లో తీర్పిచ్చి, ఇద్దరిదీ తప్పేనని, కూర్చుని మాట్లాడుకోమంది. మాట్లాడుకుంటూనే ఉన్నారు. మన ట్రిబ్యునళ్లు తెలిసినవాళ్లం, మనకి ఇందులో వింతేముంది?

బుడాపెస్ట్‌కి రాత్రి చేరతాం. నది మలుపు తిరగ్గానే పార్లమెంటు భవనం, పొడవు 268 మీటర్లు, దీపాలతో బంగారం పోతపోసినట్టు. అందరూ ఫోన్లు పైకెత్తారు. దాని మీద కాకులో కొంగలో తెలియదు, తెల్ల పక్షులు వెలుతురులో తిరుగుతున్నాయి, నిప్పురవ్వల్లా. అది చూడాల్సిందే, నేనేం కాదనను.

మర్నాడు ఆ పార్లమెంటుకి కొంచెం దిగువన గట్టు మీద నడిచాం. అంచున చెప్పులు, బూట్లు. ఇనుముతో చేసినవి, 60 జతలు, 2005లో పెట్టారు. 1944-45 చలికాలంలో అక్కడి నాజీ మద్దతుదార్లు యూదుల్ని ఈ గట్టు మీద వరసగా నిలబెట్టి, బూట్లు విప్పించి, కాల్చి నదిలోకి తోసేశారు. బూట్లకి ఖరీదు ఉంది కదా. ఒక జత మడమలు అరిగిపోయి ఉన్నాయి, అలా చెక్కారు. ఒకటి ఆడవాళ్లది, పట్టీ ఊడి పక్కకి పడి ఉంది. ఒకటి చిన్న పిల్లాడిది. నా అరచెయ్యంత. అందులో ఎవరో గులకరాయి ఒకటి పెట్టారు. వాన నీళ్లు కొంచెం నిలిచాయి. మా ఆవిడ కొంగుతో ఆ నీళ్లు అద్ది తీసేసింది. ఏం మాట్లాడలేదు. కిందనే నది పోతోంది. ఎనిమిది రోజులు అంత ముద్దుగా చూసిన నదే.

తిరిగి షిప్పుకి వచ్చాక మా కుర్రాడు కనిపించాడు. మోకులు చుట్టుకుంటున్నాడు. ఎదురుగా గట్టు మీద బోర్డు, 1647. ‘మీ ఇంటికి ఇంకా 1647’ అన్నాను. ‘నేనటు వెళ్లను సార్, సాయంత్రం మళ్లీ పైకి’ అన్నాడు. కొత్త జనాన్ని ఎక్కించుకుని ఎదురెక్కాలి. క్రిస్మస్ అయ్యేదాకా ఇంతే, పైకీ కిందికీ. తర్వాత రెండు నెలలు సులీనా.

వాడడిగాడు, ‘మీ నదికి సున్నా ఎక్కడ?’ అని. మాకు కాలువలకి ఉంది, ఆనకట్ట దగ్గర మొదలు, కిందికి లెక్క అన్నాను. ‘మరి సముద్రం నుంచి వచ్చే పడవకి ఎంత దూరం వచ్చిందో ఎలా తెలుస్తుంది?’ అన్నాడు. పడవలు ఇప్పుడు రావడం లేదని చెప్పాను. ఎందుకు రావడం లేదని అడగలేదు, పనిలో ఉన్నాడు. నేను వంగి రెండో మోకు అందుకున్నాను. మా నాన్న నేర్పాడు, గడియారం ముల్లు తిరిగేవైపు చుట్టాలి, ఒక్కో చుట్టుకీ తాడుకి కొంచెం మెలి ఇవ్వాలి, అప్పుడు విసిరితే చిక్కు పడదు. యాభై ఏళ్లయింది ముట్టుకుని, చేతులకి గుర్తుంది. చుట్టి, కింద పెట్టి, నడుం పట్టుకుని నిలబడ్డాను. వాడు చూశాడు. మెచ్చుకున్నట్టు తల ఊపాడు. తర్వాత మొత్తం విప్పేసి, మళ్లీ తనే చుట్టుకున్నాడు.

అదండీ. ఉప్మా చల్లారిపోతోందని అటు నుంచి సైగలు వస్తున్నాయి. ప్రశ్నలుంటే తింటూ అడగండి, ఆవకాయ గురించి అయితే మా ఆవిడని అడగండి.